ఇడ్లీపిండిలో పడని బల్లి

ఆ ఆదివారం మా ఇంట్లో ఇడ్లీపిండిలో బల్లి పడలేదు. ఈ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన రోజున చెప్పి ఉంటే, ఆక్లాండ్‌లో టకానిని రైల్వే స్టేషన్ దగ్గర ఒక కూరగాయల షాపు ఇంకొన్నేళ్ళు నడిచేదేమో. అప్పుడు నాకు పదకొండేళ్ళు. డైరీలో కూడా పూర్తిగా రాయలేదు, ఎందుకంటే అమ్మకి తెలుగు చదవడం వచ్చు.

పోయిన నెల, నేనిప్పుడుండే డునెడిన్ నుంచి అమ్మానాన్నల్ని చూడడానికి ఆక్లాండ్ వెళ్ళాను. నేను చేరేసరికి నడవలో వేడినీళ్ళ సిలిండర్ తీయించేసి, బయట గోడకి గ్యాస్ యంత్రం బిగించారు. సిలిండర్ ఉన్న అల్మరా ఖాళీగా, తెల్లరంగు వేసుకుని, ఎవరో తెలియని వాళ్ళ ఇంట్లోదిలా ఉంది. సాయంత్రం అమ్మ స్నేహితురాలు రమణి ఆంటీ వచ్చింది. ఆ అల్మరా చూడగానే ఆవిడకి నవ్వాగలేదు. "అయ్యో, మన బల్లి ఇడ్లీల అల్మరా పోయిందే!" అంది. ఇక మొదలు. అమ్మ ఎలా అరిచిందో, సుధాకర్ అంకుల్ బాత్‌రూమ్ దగ్గర ఎలా క్యూలో నిలబడ్డాడో, నాన్న ఫోన్లో నర్సుకి బల్లి గురించి ఎలా వివరించాడో, అన్నీ మళ్ళీ ఒకసారి జరిగాయి. మా ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పాల్సిందే. నేనూ నవ్వి, మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డాను.

ఇక్కడి పాత ఇళ్ళలో ప్రతిచోటా అలాంటి అల్మరా ఒకటి ఉండేది. కింద మనిషి నడుమెత్తు రాగి సిలిండర్, పైన చెక్కబద్దల అరలు. చలికాలంలో వెచ్చగా ఉంటాయని ఈ ఊరివాళ్ళు తువ్వాళ్ళూ దుప్పట్లూ ఆ అరల మీద పెట్టుకునేవారు. తర్వాత కొనుక్కున్న ఈ ఇంట్లో మేము అద్దెకు దిగిన మొదటి వారంలోనే అమ్మ ఆ తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి చూసి, "హమ్మయ్య, పిండి పొంగే చోటు దొరికింది" అంది. కాకినాడలో పిండి ఎక్కడ పెట్టినా పొంగేది. ఇక్కడ జూన్‌లో చలికాలం వచ్చిందంటే రెండు రోజులైనా చలనం లేకుండా పడుండేది. అప్పట్నించి శుక్రవారం నానబెట్టడం, శనివారం రుబ్బడం, రాత్రికి రెండు స్టీలు గిన్నెలు తడిబట్ట కప్పి ఆ అరలో పెట్టడం అమ్మ పద్ధతి. పెరుగు కూడా అక్కడే తోడుకునేది. ఆ ఇంట్లో తువ్వాలుతో మొహం తుడుచుకుంటే పులిసిన పిండి వాసన వేసేది. స్కూల్లో నా పక్క సీటు అమ్మాయి ఒకసారి నా స్వెట్టర్ వాసన చూసి, మీ ఇంట్లో బ్రెడ్ చేస్తారా అని అడిగింది. అవునన్నాను. నిజం చెప్పాలంటే చాలా మాటలు కావాలి, నా దగ్గర అన్ని ఉండేవి కావు.

స్కూల్లో నేను మాట్లాడేదాన్ని కాదు. ఇంగ్లీషు రాక కాదు, గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. లంచ్ అవర్ అంతా లైబ్రరీలో గడిచేది. మాటల బదులు డైరీ రాసుకునేదాన్ని, టీచర్లకి అర్థం కాకుండా తెలుగులో. ఇండియాలో నాలుగో తరగతి దాకా నేర్చుకున్న తెలుగు, అమ్మ తెచ్చుకున్న నవలలు దొంగతనంగా చదివి పెంచుకున్న తెలుగు.

ఆ రోజుల్లో నేను మాట్లాడేది ఒకే ఒక్క చోట. స్టేషన్ గేటు దాటగానే ఉండే కూరగాయల షాపులో. దాని యజమానురాలు అప్పలమ్మ ఆంటీ. ఫిజీ నుంచి వచ్చింది, అరవై దాటిన మనిషి, పూల గౌను మీద మగవాళ్ళ స్వెట్టర్ వేసుకుని గల్లా వెనక కూర్చునేది. వాళ్ళ తాత మద్రాసులో ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళాడట. ఆవిడకి తెలుగు వచ్చని మాకు మొదట తెలియదు. ఓరోజు అమ్మ నాతో, "ఈ వంకాయలు ముదిరిపోయాయే" అంటే, గల్లా వెనక నుంచి "ముదరనేదమ్మా, నేతయ్యే. కోసి సూడు" అని వినిపించింది. అమ్మ వంకాయ జారవిడిచింది. ఆవిడకి తెలుగు చదవడం రాదు. వచ్చిన తెలుగు కూడా వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదే, విశాఖపట్నం వైపు పల్లెల మాట, సముద్రం అవతల మూడు తరాలు అలాగే నిలవున్నది. నన్ను "గుంటా" అని పిలిచేది. వాళ్ళ భాషలో గుంట అంటే ఆడపిల్ల. అమ్మ ఇంటికొచ్చే దారిలో ఆవిడ మాటల్ని అనుకరించి నవ్వేది. "పాపం మంచిదే, కానీ మన పనిమనిషి మాట్లాడినట్టే ఉంటుంది" అనేది. మా తెలుగు కుటుంబాల బృందంలో అందరికీ ఆ షాపు కావాలి, కరివేపాకు ఇంకెక్కడా అంత తాజాగా దొరకదు. కానీ ఆదివారం టిఫిన్లకి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

నేను స్కూలు నుంచి వచ్చే దారిలో అక్కడ ఆగేదాన్ని. "బువ్వ తిన్నావేటే?" అని అడిగేది. నాకో పని కూడా ఇచ్చింది. అట్టముక్కల మీద నల్ల స్కెచ్‌పెన్‌తో కూరల పేర్లు తెలుగులో రాయడం. చేమదుంప, బెండకాయ, కరివేపాకు, గోంగూర. "నాకు సదవడం రాదు గానీ, ఆ గుండ్రాలు సూత్తే మాయమ్మమ్మ ముగ్గులేసినట్టుంటాది" అనేది. నా అక్షరాలు అలా ఒక గోడంతా వేలాడేవి. ఆక్లాండ్‌లో నేను రాసింది ఎవరైనా నిలబడి చూసిన చోటు అదొక్కటే. ప్రతిఫలంగా ఖాళీ అట్టపెట్టెలు ఇచ్చేది, నా పుస్తకాలు పెట్టుకోవడానికి. గురువారం గురువారం ఫిజీ నుంచి సరుకు వచ్చేది. దుంపలు ఖాళీ అయ్యాక, మట్టివాసన వేసే గట్టి పెట్టెలు.

అలాంటి ఒక పెట్టెలోంచి వచ్చిందది.

జూలై నెల. మంచం మీద పెట్టె పెట్టి, అడుగున మడతల్లో ఇరుక్కున్న ఎండుటాకులు దులుపుతుంటే ఒక మడత కదిలింది. ముందు తల కనిపించింది, తర్వాత నెమ్మదిగా మిగతా శరీరం, తర్వాత ఎంతకీ అయిపోని తోక. బల్లి కాదది. బల్లి చర్మం మెత్తగా, పాలిపోయి ఉంటుంది. దీని పొలుసులు నూనె రాసిన ఆకులా మెరుస్తున్నాయి. వీపు ఆకుపచ్చలో కంచు కలిపినట్టు, పొట్ట లేత పసుపు, వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉన్నాయి. కాకినాడలో పెరట్లో ఇటుకల సందున ఇలాంటిదాన్నే, కాస్త మట్టిరంగుది, చూపించి నాయనమ్మ "నలికీచు, ముట్టుకోకు" అనేది. ఇది పారిపోలేదు. చలికి దానికి ఒళ్ళు స్వాధీనంలో లేదు. నా అరచేతిలోకి ఎక్కి కళ్ళు మూసుకుంది.

నాకు ఏం చెయ్యాలో తెలుసు. అదే అసలు సంగతి, తెలియక చేసింది కాదు. ఈ దేశంలోకి బయటి ప్రాణి ఏదీ రాకూడదు. మేము దిగిన రోజే ఎయిర్‌పోర్టులో మా నాయనమ్మ ఎండబెట్టి ఇచ్చిన గుమ్మడి వడియాలు ఒక ఆఫీసరమ్మ మర్యాదగా పచ్చడబ్బాలో పడేస్తే, అమ్మ ట్యాక్సీలో ఏడ్చింది. "ఇక్కడ పురుగుక్కూడా పాస్‌పోర్టుండాలి" అన్నాడు నాన్న, నవ్వించడానికి. స్కూలుకి క్వారంటైన్ వాళ్ళు ఒక కుక్కతో సహా వచ్చి, బయటి ప్రాణులు వస్తే ఇక్కడి పిట్టలకీ పురుగులకీ ఎంత ప్రమాదమో చెప్పి, ఫోన్ నంబరున్న అయస్కాంతం బిళ్ళలు పంచారు. దొరికిన ప్రాణిని ఏం చేస్తారని ఒకమ్మాయి అడిగితే, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుతామన్నారు. ఆ బిళ్ళ మా ఫ్రిజ్ మీదే ఉంది. నేను దానికేసి చూడకుండా వెళ్ళి, అమ్మ బూట్ల డబ్బాకి చిల్లులు పొడిచి, పెరట్లో జామలాంటి పళ్ళు కాసే ఫీజోవా చెట్టు కొమ్మ ఒకటి విరిచి లోపల పెట్టి, డబ్బాని వేడినీళ్ళ అల్మరాలో, పై అరలో పాత దుప్పట్ల వెనక దాచాను.

తొమ్మిది రోజులు ఉందక్కడ. వరండా లైటు కింద చిమ్మటలు పట్టి వేసేదాన్ని. అరటిపండు గుజ్జు అగ్గిపుల్ల చివర పెడితే నాలుకతో నాకేది. వెచ్చదనం తగిలాక దాని రంగు తేరుకుంది. పబ్లిక్ లైబ్రరీలో దీవుల జంతువుల పుస్తకంలో దాని బొమ్మ వెతికి పట్టుకున్నాను. ఫిజీ అడవుల్లో చెట్ల మీద బతుకుతుందట. పొద్దున్నే మాను మీద ఎండ పడే చోటు చూసుకుని ఒళ్ళు కాచుకుంటుంది, రెండేసి గుడ్లు పెడుతుంది. మనుషులు అడవులు కొట్టేసిన చోట కనిపించడం తగ్గిందని రాసుంది. ఆ పేజీ చేత్తో కాపీ చేసుకున్నాను. డైరీలో మాత్రం "మేడమీది అతిథి చిమ్మట తిన్నారు" అని రాసేదాన్ని. మాది మేడ లేని ఇల్లు. అమ్మ చదివినా కథనుకుంటుంది.

మా తెలుగువాళ్ళు ఆరేడు కుటుంబాలు నెలకో ఇంట్లో ఆదివారం టిఫిన్ పెట్టుకునేవారు. ఆ నెల మా వంతు. పిండి రెండు పెద్ద గిన్నెలు. ఒకటి పొద్దున ఇడ్లీలకి, రెండోది ఆగాక అట్లకి. పది గంటలకల్లా ఇల్లంతా బూట్లు, కోట్లు, సాంబారు వాసన, పిల్లల పరుగులు. మొదటి గిన్నె ఇడ్లీలు అందరూ తిన్నారు. పిల్లలు దాగుడుమూతలు మొదలుపెట్టి నడవలో తలుపులు ఒక్కొక్కటీ తెరుస్తున్నారు. నాకు భయం వేసింది. ఎవరూ చూడకుండా అల్మరా తీసి, డబ్బా అందుకుని, మూత సరిగా ఉందో లేదో చూడకుండా మోచేత్తో తలుపు తోశాను. ఆ నలికీచు అప్పటికే డబ్బాలోంచి సగం బయటికొచ్చేసింది. తలుపు దాని తోక మీద పడింది. తోక తెగి అల్మరాలోనే ఉండిపోయింది. నేను దాన్ని డబ్బాలోకి నెట్టి నా గదిలోకి పరిగెత్తి, ఉన్ని టోపీలో పెట్టి, మంచం కింద దాచాను. వెనక్కి వెళ్ళి తోక తీసేసేలోపు అమ్మ రెండో గిన్నె కోసం వచ్చింది.

అమ్మ కేక వీధిలోకి వినిపించి ఉంటుంది. అర చివర, గిన్నె పక్కనే, తోక మెలికలు తిరుగుతోంది. గిన్నె మీద బట్ట ఒక పక్క జారి ఉంది.

"బల్లి! పిండిలో బల్లి పడింది!"

అందరూ నడవలోకి వచ్చారు. సుధాకర్ అంకుల్‌ది హైదరాబాద్, ప్లేటు చేతిలో పట్టుకునే వచ్చాడు. వంగి చూశాడు. "తోక గీడుంది. మరి మిగిలిందేడికి వోయింది?" అన్నాడు. తర్వాత మెల్లగా తన ప్లేటు వైపు చూసుకున్నాడు. ఆ నడవలో ఉన్న ప్రతి మనిషీ తన ప్లేటు వైపు చూసుకున్నాడు.

బల్లి పడిన వంట విషమని మాకందరికీ పుట్టినప్పట్నించీ తెలుసు. పెళ్ళి భోజనంలో బల్లి పడి ఊరంతా ఆస్పత్రి పాలైన వార్త ఎవరు చదవలేదు? రమణి ఆంటీ వాళ్ళ అబ్బాయికి అప్పటికప్పుడు వాంతైంది. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరికి. ఆవిడ బకెట్టుడు ఉప్పునీళ్ళు కలిపి అందరిచేతా తాగించింది. నాన్న ఆరోగ్య సలహా ఫోన్ నంబరు తిప్పాడు. "లిజర్డ్. నో, నో, వీ డిడ్ నాట్ ఈట్ ది లిజర్డ్. వీ ఏట్ ది ఇడ్లీ. ది లిజర్డ్ వాజ్ నియర్ ది ఇడ్లీ." అవతల నర్సు ఏమందో గానీ, నాన్న ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "నీళ్ళు తాగమంటోంది, అంతే" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. "ఇరవైమందికి విషం పెట్టాను. ఇంక నా మొహం ఎలా చూపించను?" అంటోంది. నాన్న ఆవిడ పక్కన కూర్చుని, "బల్లి మీద పడితే ఫలితం ఏవిటో పంచాంగంలో ఉంది. ఇడ్లీ మీద పడితే ఏవిటో రాయలేదు, కాబట్టి ఏం కాదు" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

"కంచి వెళ్ళి బంగారు బల్లిని ముట్టుకుని వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అని ఎవరో అడిగారు. "నేనున్నాగా!" అంది రమణి ఆంటీ ఉప్పునీళ్ళ గరిట పట్టుకుని. బంగారు బల్లిని తాకినవాళ్ళని తాకినా దోషం పోతుంది. హాల్లో సోఫాలో కూర్చుని ఆవిడ చెయ్యి చాపింది. పెద్దవాళ్ళూ పిల్లలూ వరసగా వెళ్ళి ముట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒక డాక్టరు కూడా. నా వంతు వచ్చింది. బల్లి పడలేదు ఆంటీ అని చెప్పడానికి అంతకన్నా దగ్గరగా, అంతకన్నా నిశ్శబ్దంగా ఇంకో క్షణం దొరకదు. ఆవిడ నా మొహంలోకి చూసి, "భయపడ్డావా తల్లీ?" అంది. నేను ఆవిడ చెయ్యి ముట్టుకుని పక్కకి తప్పుకున్నాను. ఆ బల్లి గురించి నా మొదటి అబద్ధం నేను నోటితో చెప్పలేదు.

"ఈ దేశంల ఇండ్లల్ల బల్లులుండయ్ గదక్కా. గిదెట్లొచ్చింది?" అన్నాడు సుధాకర్ అంకుల్, కాస్త తేరుకున్నాక.

"కరివేపాకులోంచి వచ్చుంటుంది. ఎక్కడ కొన్నావే?" అంది రమణి ఆంటీ.

అమ్మ తల ఎత్తింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. అప్పటిదాకా తప్పంతా అమ్మదే. "స్టేషన్ దగ్గర ఫిజీ ఆవిడ షాపులోనే" అంది. "నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నాను, అక్కడ శుభ్రం అంతంతమాత్రమేనని." అమ్మ ఎప్పుడూ అలా అనుకోలేదు. కానీ అన్నాక నమ్మింది, అందరూ నమ్మారు.

సోమవారం సుధాకర్ అంకుల్ ఆఫీసు నుంచి క్వారంటైన్ వాళ్ళకి ఫోన్ చేశాడు. మర్నాడు ఒక ఆఫీసరమ్మ వచ్చి, అమ్మ సీసాలో దాచిన తోకని చూసి, ఇది ఇక్కడిది కాదేమో, పరీక్షిస్తామంది. మేమంతా వరసగా కుర్చీల్లో కూర్చున్నాం, ఎయిర్‌పోర్టులో వడియాలు పోయిన రోజులాగే. ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వేమైనా చూశావా?" అని మెత్తగా అడిగింది. తల అడ్డంగా ఊపాను. గోడ అవతల మంచం కింద ఉన్ని టోపీ ఉంది. ఆవిడ థాంక్యూ చెప్పింది. అక్కణ్ణించి షాపుకి వెళ్ళిందని తర్వాత తెలిసింది. అక్కడేమీ దొరకలేదు.

దొరకకపోయినా ఏం లాభం. ఆ వారం చివరికల్లా ఆక్లాండ్ దక్షిణాన ఉన్న తెలుగువాళ్ళందరికీ, వాళ్ళ ద్వారా ఇంకెందరికో, ఫిజీ షాపు కరివేపాకులో బల్లి ఉందని తెలిసింది. మా ఇంట్లో ఇడ్లీలు తిన్నవాళ్ళు ఇరవైమంది, ఆ ఇడ్లీలు తిన్నామని చెప్పుకునేవారు మాత్రం నెలాఖరుకి యాభైమంది. అమ్మ అల్మరాని ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగి, పిండి ఎలక్ట్రిక్ దుప్పట్లో చుట్టి పొంగించడం మొదలుపెట్టింది. స్కూలు నుంచి వస్తూ చూసేదాన్ని. షాపు బయట కార్లు ఉండేవి కావు. కరివేపాకు కట్టలు నల్లబడి వేలాడేవి. నేను లోపలికి వెళ్ళకుండా తల దించుకుని గేటు దాటేదాన్ని. నేను రాసిన అక్షరాలు అద్దంలోంచి కనిపించేవి.

నా గదిలో దానికి వెచ్చదనం చాలలేదు. వేడినీళ్ళ సంచి పక్కన పెడితే రాత్రికి చల్లారిపోయేది. తోక తెగిన చోటు మానుతోంది గానీ, అది చిమ్మటని పట్టించుకోవడం మానేసింది. మధ్యాహ్నం వేళ కిటికీ దగ్గర ఎండలో పెడితే, ఒళ్ళు పరుచుకుని, ఎక్కడో మాను మీద ఉన్నట్టు గోళ్ళతో గుడ్డని పట్టుకునేది. పుస్తకంలో చదివింది గుర్తొచ్చి చూడలేకపోయేదాన్ని. దాన్ని నేను కాపాడానని అప్పటిదాకా అనుకున్నాను. ఒకరోజు పొద్దున అది కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. ఆ సాయంత్రం డబ్బా స్కూలు బ్యాగులో పెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఈసారి అంతా చెప్పేయాలనుకున్నాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. మొదటి వాక్యం, "ఆంటీ, ఆ పిండిలో ఏమీ పడలేదు."

షాపులో అప్పలమ్మ ఆంటీ ఒక్కతే ఉంది. వాడిన ఆకులు గిల్లి బుట్టలో వేస్తోంది. నన్ను చూసి, "ఎన్నాళ్ళకే గుంటా! ఒంట్లో బాగునేదా?" అంది. మా అమ్మ పేరు ఎత్తలేదు. నేను డబ్బా గల్లా మీద పెట్టి మూత తీశాను. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి వంగింది. డబ్బాని వెలుగుకేసి తిప్పింది.

"ఓలమ్మా," అంది ఆఖరికి. "ఇది మా అడవిదే."

చిన్నప్పుడు పుల్లలు ఏరడానికి అడవిలోకి వెళ్ళేవారట. పెద్ద మానుల మీద ఇవి పచ్చగా పాకుతుంటే, వాళ్ళమ్మమ్మ దణ్ణం పెట్టమనేదట, ఎందుకో ఆవిడకీ తెలియదు. తర్వాత అక్కడ చెరుకు వేశారు. "ఎన్నేళ్ళయ్యిందో సూసి. నాను ఆ దేశం ఒగ్గేసినా, ఇది నన్నెతుక్కుంటూ ఓడెక్కొచ్చినాది సూడు" అని నవ్వింది. చూపుడువేలు వంచి దాని వీపు మీద ఒక్కసారి రాసింది. అప్పుడు అడిగింది, "తోకేదే?"

నేను నేలకేసి చూశాను. కూర్చుకున్న వాక్యాలన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ పైకి రాలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. నాకూ ఆవిడకీ మధ్య ఆ డబ్బా, ట్రైను వస్తోందని గేటు దగ్గర గంట. ఆవిడకి అర్థమైందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అర్థమయ్యే ఉంటుందని కొన్నిసార్లు అనిపిస్తుంది. అర్థం కాలేదని అనుకున్న రోజుల్లో నిద్ర బాగా పడుతుంది.

ఆవిడ గోడకున్న ఫోన్ అందుకుంది. నాకు వినపడేలాగే మాట్లాడింది, తన ఫిజీ ఇంగ్లీషులో. లిజర్డ్ దొరికింది, నా షాపులో, నా పెట్టెలో, నేనే చూశాను. ఫోన్ పెట్టేశాక, "దాయకూడదే. దీనికి ఈడ సలి, మనకి రూలు" అంది. చంపేస్తారా అని అడిగాను. అదొక్కటే నా నోటి నుంచి వచ్చిన మాట. "ఏటో" అని, స్వెట్టర్ విప్పి డబ్బా చుట్టూ కప్పింది, వాళ్ళు వచ్చేదాకా వెచ్చగా ఉంటుందని.

ఆ తర్వాత జరిగినవి ఇంట్లో మాటల మధ్య నా చెవిన పడ్డాయి. సజీవంగా ఒకటి దొరికింది కాబట్టి, ఆవిడకి వచ్చే సరుకు ప్రతిసారీ విప్పి మొత్తం గాలించేవారు. అది వాళ్ళ పని, వాళ్ళ తప్పేమీ లేదు. షాపు చేరేసరికి ఆకులు వాడిపోయేవి. కొనేవాళ్ళు ఉంటే ఆ నష్టాన్ని ఎలాగో తట్టుకునేదేమో. కొనేవాళ్ళే లేరు. ఎండాకాలం వచ్చేసరికి అద్దానికి కాగితాలు అంటించి ఉన్నాయి. ఆవిడ కొడుక్కి దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో పని దొరికిందని, ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాడని, రమణి ఆంటీ చెప్పింది. "అంత చలిలోకా, పాపం" అంది అమ్మ, నిజంగానే జాలిపడుతూ.

ఇప్పుడు ఆక్లాండ్‌లో ఇండియన్ షాపుకి వెళ్తే ఇడ్లీపిండి డబ్బాల్లో దొరుకుతుంది, ఫ్రీజర్లో కరివేపాకు ఉంటుంది. అమ్మ ఏడాదికి నాలుగుసార్లు రుబ్బుతుందేమో. పిల్లలెవరూ తెలుగు బోర్డులు చదవరు, బోర్డులు రాసేవాళ్ళూ లేరు. ఆ బృందంలో ఇప్పుడు ఎవరూ చెయ్యి ముట్టుకుని దోషం పోగొట్టుకోరు, బల్లి విషం కాదని ఫోన్లో చదివి తెలుసుకున్నారు. ఆ కథలో ఇప్పుడు అందరూ తమని తామే చూసి నవ్వుకుంటారు. అందుకే అది మంచి కథ అయింది. షాపు సంగతి అందులోంచి ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. నేను డునెడిన్‌లో ఒక లైబ్రరీలో పుస్తకాల జాబితా చేసే పనిలో ఉన్నాను. రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోయే ఉద్యోగం. నన్ను మంచి శ్రోత అంటారు స్నేహితులు. మాట్లాడని పిల్లని అప్పుడు అందరూ బుద్ధిమంతురాలనేవారు. ఆ పేరు నాకు చాలా అనుకూలంగా ఉండేది. ఇన్వర్‌కార్గిల్ ఇక్కణ్ణించి కారులో మూడు గంటలు లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి వెళ్ళాను, ఊరంతా తిరిగాను, ఎవరినీ ఏమీ అడగకుండా తిరిగొచ్చాను.

ఆ సాయంత్రం క్వారంటైన్ వాళ్ళు రాకముందే ఆవిడ నన్ను ఇంటికి పొమ్మంది. నేను బ్యాగు తగిలించుకుని తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది. ఇప్పుడు అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పేద్దామని ఆగాను. ఆవిడ బుట్టలోంచి తల ఎత్తకుండా ఆకులు గిల్లుతూనే అంది:

"గురువారం ములక్కాడలొత్తాయి. మీయమ్మకి సెప్పు గుంటా. ఒకపాలి రమ్మను."